నలభై ఒక్క వేల ఎస్టిమేటు

మా ఇంట్లో కారు నాది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కొంచెం గర్వంగానే ఉంటుంది. మా ఆయనకు ట్రాక్టరు ఉంది, మోటారు సైకిలు ఉంది, నలుగురిలో పలుకుబడి ఉంది. నాకు బడి, నెల జీతం, నలభై మూడో ఏట నేర్చుకున్న డ్రైవింగు ఉన్నాయి. ఐదేళ్ల కిందట ఆ జీతంలోంచే వాయిదాలు పెట్టుకుని తెల్లటి చిన్న కారు కొన్నాను. మేముండేది చిన్న మంగళారంలో. నేను లెక్కలు చెప్పే బడి బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల దాటి బాగా లోపలికి ఉంటుంది. కారుకు ముందు పదహారేళ్లు ఆటో, బస్సు, మళ్లీ ఆటో. బస్సు తప్పిన రోజు ప్రార్థన అయిపోయేది. ఆలస్యంగా వచ్చిన పిల్లలతో పాటు నేనూ తల దించుకుని గేటు లోపలికి నడిచేదాన్ని. కారు వచ్చాకే పొద్దున ఒక కప్పు టీ కూర్చుని తాగడం అంటే ఏమిటో తెలిసింది.

కారు ఇంటికి తెచ్చిన రోజు మా అత్త గేటుకు అడ్డంగా నిలబడింది. మాది రెండెకరాల పూలతోట, బంతి ఒక పక్క, చేమంతి ఒక పక్క. ఆమె వేళ్లు ఎప్పుడూ పసుపుపచ్చగానే ఉంటాయి. ఆ చేతులు రెండూ చాపి, వాకిట్లో చేరిన ఇరుగుపొరుగంతా వింటుండగా, "ఈ బీజాపూర్ రోడ్డు మీద మొగోళ్లకే దిక్కు లేదు. నీకెందుకు బిడ్డా ఈ బండి? బస్సులేమన్న బందైనయా?" అంది. నాకు ఒళ్లు మండింది. కొత్త బండి, కొత్త డ్రైవరు, చుట్టూ జనం. ఏం చేయాలో తోచక హారన్ కొట్టాను. అత్త మీద హారన్ కొట్టిన కోడలు మా ఊళ్లో నేనొక్కదాన్నే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె తప్పుకుంది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. అయినా ఆ మాట నేను మరిచిపోలేదు. నేను కారు నడపడం ఈమెకు గిట్టదని మనసులో గట్టిగా రాసిపెట్టుకున్నాను.

గిట్టకపోయినా ఎక్కడం మాత్రం మానలేదు. నెల తిరక్కుండానే డ్రైవరు పక్క సీటు ఆమెదైపోయింది. చేవెళ్ల మార్కెట్టుకైనా, దవాఖానకైనా, చుట్టాల ఇంటికైనా అందులోనే. అన్నింటికన్నా ఆమెకు ఇష్టమైన ప్రయాణం గండిపేట దగ్గరున్న కంపెనీ సర్వీసు సెంటరుకు. అక్కడ అద్దాల గది, చల్లగాలి, మెత్తటి సోఫా, మీట నొక్కితే వచ్చే కాఫీ. రెండు కప్పులు తాగి, నాలుగు బిస్కెట్లు కొంగున ముడేసుకుని, అద్దంలోంచి కింద కార్లను పైకెత్తడం చూస్తూ కూర్చునేది. "మన బండిని పెండ్లి పిల్లగాని తీర్గ సూస్తున్నరు" అనేది సంబరంగా. మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నాను. సర్వీసు ఉచితం, నూనెకు మాత్రమే డబ్బులు అన్నారు. బిల్లు చూసి, ఇంతేనా అని నవ్వుకుంటూ బయటికి వచ్చాం.

ఆ తర్వాతి ఏడు నుంచి బిల్లు మా బడి పిల్లల్లాగే ఏడాదికింత పొడుగు పెరుగుతూ వచ్చింది. బ్రేకులు శుభ్రం చేసినందుకు ఒక వరుస, శుభ్రం చేసిన బ్రేకులకు నూనె రాసినందుకు ఇంకో వరుస. వాళ్లు చేతులు తుడుచుకున్న గుడ్డలకు కూడా ఒక వరుస ఉందని మూడో ఏడు కనిపెట్టాను. అడిగితే, "ప్యాకేజీలో వస్తది మేడం" అన్నాడు అక్కడి సలహాదారు. చాలా మర్యాదైన మనిషి, కసురుకోవడానికి కూడా వీలివ్వడు. ఎప్పుడూ చేతిలో పలక లాంటి కంప్యూటరు పట్టుకుని ఉంటాడు, ధర చెప్పేది అది, తలవంచి నిలబడేది అతను. ఒకసారి పట్టలేక ఆ బిల్లులన్నీ బోర్డు మీద రాసి, ఏడో తరగతికి శాతాల లెక్కగా ఇచ్చాను. పిల్లలు చకచకా చేసేశారు. జవాబు చెప్పమంటే వెనక బెంచీ నుంచి ఒక ఆడపిల్ల లేచి, "టీచర్, ఈ బండి ఎవలిదో గని మస్తు నష్టపోయిండ్రు" అంది. మార్కులన్నీ ఆ పిల్లకే వేశాను.

పోయిన వానాకాలం చివర్లో అసలు గొడవ మొదలైంది. ఏసీ వేస్తే డ్యాష్‌బోర్డు లోపల కరకరమని చప్పుడు, ముక్కు మూసుకునేంత వాసన. అత్త కూర్చునే వైపు కాళ్ల కింద పట్టా తడిసి ముద్దగా ఉండేది. ఆమె చెప్పులు విడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. మా ఆయన ఒకరోజు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కారంతా కలియజూశాడు. "ఏడాదికేడాది పైసలు వోస్తనే ఉన్నం దీనికి. ఈసారి బిల్లు ఇరవై వేలు దాటిందా, అమ్మేద్దాం. బస్సులున్నయ్, నేనున్న. మెయిన్ రోడ్డు దాంక దింపుత" అన్నాడు. ఆయన దింపడం సంగతి నాకు తెలుసు. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే బండి ఆపి అరగంట రాజకీయం మాట్లాడతాడు, వెనక సీటు మీద నేను సంచీ పట్టుకుని కూర్చోవాలి. అయినా నోటి దురుసుతనం ఊరుకోనిస్తుందా. "సరే, దాటితే అమ్ము" అన్నాను. ఇరవై ఎక్కడ దాటుతుందిలే అని నా ధీమా.

నలభై ఒక్క వేలు చెప్పారు.

ఆ మర్యాదైన మనిషే చెప్పాడు, ఇంకా మర్యాదగా. లోపల గాలి తోసే మోటారు మొత్తం మార్చాలట, చల్లబరిచే భాగం మార్చాలట, డ్యాష్‌బోర్డు విప్పాలట, కింద పట్టా కొత్తది వేయాలట. మామూలు సర్వీసు సరేసరి. లోపల ఏముందో విప్పి చూశారా అని అడిగాను. విప్పాలంటే ముందు ఎస్టిమేటుకు ఒప్పుకోవాలట. నా కళ్ల ముందు సర్వీసు సెంటరు లేదు, పదహారేళ్లు నిలబడిన బస్టాపు ఉంది.

అప్పుడు మా అత్త కాఫీ కప్పు కింద పెట్టి లేచింది. నలభై ఏళ్లు పూలు అమ్మిన మనిషి. మొదటి ధర విన్నాక తిరిగి మాట్లాడకపోవడం ఆమె దృష్టిలో అవతలివాళ్లను అవమానించడం.

"నలభై గాదు గని, పన్నెండుకు జెయ్యి బిడ్డా" అంది.

"అమ్మా, ఇది సిస్టం రేటు. నా చేతుల ఏం లేదు."

"నీ చేతుల లేకపోతే ఎవ్వలి చేతుల ఉన్నదో ఆయన్ను పిలువు. నేను కూసుంట."

పిలవడానికి ఎవరూ లేరని అతను నీళ్లు నమిలాడు. ఆమె ఇంకో మెట్టు దిగింది. "పోనీ, పదిహేను. కొసరేమిస్తవు?" అంది. మేం పూలు తూచినా, మూర వేసినా చివర ఒక గుప్పెడు పైన వేస్తాం. అది వేయకుండా బేరం ముగిసినట్టు కాదు. ఇంత పెద్ద అద్దాల మేడ కట్టుకున్నవాళ్లు కొసరు వేయకుండా ఎట్లా ఉంటారని ఆమె అనుమానం. అతను పాపం కొసరు అన్న మాటను చాలా గౌరవంగా తీసుకుని, లోపలికి పోయి, కారులో తగిలించుకునే సెంటు సీసా ఒకటి తెచ్చి ఇచ్చాడు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "వాసన వస్తున్నదని వస్తే సెంటిస్తున్నవా బిడ్డా" అంది. ఆ గదిలో కూర్చున్నవాళ్లందరూ నవ్వారు, అతనూ నవ్వాడు, నేనూ నవ్వాను. పని చేయించకుండానే బండి తీసుకుని బయటికి వచ్చాం. సెంటు సీసా మాత్రం ఆమె వదల్లేదు.

ఇంట్లో మా ఆయన కాగితం చూసి ఫోను తీశాడు. చేవెళ్లలో ఆయన స్నేహితుడు ఒకాయన కూతురి కోసం పాత చిన్న కారు వెతుకుతున్నాడట. ఆదివారం వచ్చి చూసుకుంటానన్నాడు. "ఉన్నదున్నట్టు చెప్పి, తగ్గించే ఇస్త. మాటిచ్చిన" అన్నాడు మా ఆయన. ఒప్పుకున్నది నేనే కాబట్టి ఎవరి మీద అరవాలో తెలియలేదు. వంటింట్లోకి పోయి గిన్నెల మీద అరిచాను.

శనివారం బడికి సెలవు. పొద్దున్నే అత్త చెప్పులు చేతబట్టుకుని కారు దగ్గర నిలబడి ఉంది. "మన ట్రాక్టరు జూసే మిస్త్రీ ఉన్నడు గద మొయినాబాద్‌ల. అమ్మేముందు ఒక్కసారి ఆయనకు జూపియ్యి" అంది. ఈమెకు నా కారు మీద ఇంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాలేదు. సర్వీసు సెంటరు కాఫీ పోతుందనేమో అనుకున్నాను.

మిస్త్రీ షెడ్డు రోడ్డు పక్కనే రేకుల కింద ఉంటుంది. అరవై దాటిన మనిషి, తెల్లగడ్డం, ఇనుప స్టూలు. మా మామ ఉన్నప్పటి నుంచి మా ఇంటి ఇంజన్లన్నీ ఆయన చేతుల మీదుగానే నడుస్తున్నాయి. నేను నలభై ఒక్క వేల కాగితం చాపితే దాన్ని పక్కన పెట్టేశాడు. "కాగితం తర్వాత జూద్దాం టీచరమ్మా. ముందు జర వాసన జూడనియ్యి" అని కారులోకి తల దూర్చి, ఏసీ వేయించి, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు.

"ఇది మోటారు వాసన గాదు. పూల వాసన" అన్నాడు. "పెండ్లి బండ్లు ఎన్ని జూడలే. పూలు కుళ్లితే గిట్లనే వస్తది."

బానెట్ లేపి, వైపర్లు ఊడదీసి, ముందు అద్దం అంచున ఉండే నల్లటి ప్లాస్టిక్ జాలీని రెండు చేతులా పైకి లాగాడు. దాని ఒక మూల ముందే కొంచెం లేచి ఉంది. కింద నీళ్లు పోయే కాలువ లాంటి సందు ఉంటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఆ సందు నిండా బంతిపూలు. పైన ఎండినవి, కింద నల్లబడినవి, అడుగున బురదైపోయినవి. నీళ్లు పోయే తూము మూసుకుపోయి, వాననీళ్లు వెనక్కి ఎగదన్ని, గాలి పోయే దారి గుండా లోపలికి కారుతున్నాయి. కొన్ని రేకులు మోటారు పంకా దాకా పోయి చేరాయి, కరకరమన్నది అవే. మిస్త్రీ గుప్పెళ్లతో తీసి గంపలో వేస్తూ పోయాడు. గంప నిండింది. చివరికి జాలీ కిందే, వెలుతురు పడే చోట, రెండు పచ్చటి మొలకలు కనిపించాయి. బంతి మొలకలు, వేలెడంత ఎత్తు, నాలుగేసి ఆకులతో.

మిస్త్రీ స్టూలు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "నలభై ఏండ్ల సర్వీసుల బండిల పంట పండుడు ఇదే సురువు" అన్నాడు. నాకూ నవ్వాగలేదు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. నవ్వి తిరిగి చూస్తే అత్త నవ్వడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గంప వైపే చూస్తోంది.

"నేనే వెట్టిన" అంది మెల్లగా. "దినాం ఒక్క పువ్వు. మీద వెడితే గాలికి ఎగిరి కింద వడ్తది. దేవుని పేరు మీద వెట్టిన పువ్వు ఎవలన్న తొక్కుతరని, గా మూలకెల్లి లోపలికి నెట్టిన. లోపల ఇంత జాగ ఉన్నది, యాడికన్న పోతయనుకున్న."

ఐదేళ్లుగా రోజుకొక పువ్వు. నేను కూర్చుని టీ తాగే ఆ పది నిమిషాల్లో అన్నమాట. నా మనసులో లెక్క వేయబోయి మానేశాను.

సాయంత్రానికల్లా పని అయిపోయింది. తూము శుభ్రమైంది, మోటారు పంకా కడిగి ఆరబెట్టి బిగించాడు. జాలీ మూల లేవకుండా కొత్త క్లిప్పులు వేశాడు. నూనె, ఫిల్టర్లు నన్నే పోయి దుకాణంలో కొనుక్కు రమ్మన్నాడు. డబ్బా మీద ధర నా కళ్లతో చదువుకుని డబ్బులిచ్చాను, అదొక సుఖం. కింద పట్టా విప్పి ఎండలో వేస్తే అదే ఆరింది. మొత్తం కలిపి ఆరు వేల లోపే. అత్త మిస్త్రీని కూడా కొసరు అడిగింది. ఆయన ఆ రెండు మొలకలను మట్టితో సహా ఒక టీ గ్లాసులో పెట్టి ఇచ్చాడు. ఇంటికి వచ్చేదాకా గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఏసీ చల్లగా, చప్పుడు లేకుండా నడుస్తోంది. "నా వల్ల నీ బండి వోతున్నది" అని ఊరి మలుపు దగ్గర ఒకసారి అంది.

బాగైన బండిని ఇంకెందుకు అమ్మడమని మా ఆయనను రాత్రి అన్నం దగ్గర అడిగాను. ఆరు వేలు విని ఆయన ముఖం విప్పారింది కానీ, మాటిచ్చానన్న పట్టు వదల్లేదు. "వచ్చినాయన ఒద్దంటే సరే. నేనైతే ఒద్దని చెప్పలేను" అన్నాడు. పలుకుబడి ఉన్నవాళ్లతో ఇదే ఇబ్బంది.

ఆదివారం ఆ పెద్దమనిషి తన పెద్ద కారులో దిగాడు. నా కారు చుట్టూ తిరిగాడు, టైర్లు తన్ని చూశాడు, బండి నచ్చిందని ముఖం మీదే తెలుస్తోంది. ఆయన తలుపు తీయబోయేసరికి పక్క సీటులో మా అత్త కూర్చుని ఉంది, ఒళ్లో టీ గ్లాసు, అందులో మొలకలు.

"రా బిడ్డా, సూడు" అంది. "ఉన్నదున్నట్టు జెప్త. ఈ మొలకలు ఈ బండిల మొలిసినవే. గింజలింకా లోపల ఎన్నున్నయో నాకెర్కలేదు. కొంటె కొనుక్కో గని, వానకాలం పైలం. కలుపు నువ్వే తీసుకోవాలె."

ఆయన గ్లాసు వైపు చూశాడు, బానెట్ వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఉన్నదున్నట్టు చెబుతానని మాటిచ్చిన మనిషి కదా, కాదనలేకపోయాడు. "మొలిసిన మాట నిజమేనే" అన్నాడు నేల చూస్తూ. తర్వాత టీ తాగుతూ జరిగిందంతా చెప్పాం. ఆ పెద్దమనిషి నవ్వి నవ్వి, తన పెద్ద కారుకు మొన్న సర్వీసులో ఎంత పెట్టాడో చెప్పి ఒక్కసారిగా దిగులుపడ్డాడు. పోయేటప్పుడు నా కారు అడగలేదు, మిస్త్రీ షెడ్డు ఎక్కడో అడిగి రాసుకుని పోయాడు. అత్త అప్పుడు దిగి, మొలకలను గేటు పక్కన నాటింది.

సోమవారం పొద్దున నేను టీ తాగలేదు. కారులో ముందే కూర్చుని అద్దం దించి ఉంచాను. తోటలోంచి అత్త వచ్చింది, చేతిలో ఒక బంతిపువ్వు. అలవాటుగా చెయ్యి వైపరు మొదటి దాకా పోయింది. కొత్త క్లిప్పులు వేసిన మూల గట్టిగా మూసుకుని ఉంది. ఆమె చెయ్యి అక్కడే ఆగింది. పువ్వు ఎక్కడ పెట్టాలో తెలియక బానెట్ వైపూ, అద్దం వైపూ చూస్తూ నిలబడింది.

"నేను బండి నడపొద్దన్నది నువ్వే గద అత్తమ్మా" అన్నాను. "మళ్ల దానికి దినాం పూలెందుకు వెట్టినవు?"

"ఒద్దన్న. నువ్విన్నవా? నా మీదికే హారన్ గొట్టినవు" అంది. "ఇంక నేనేం జెయ్యాలె? నువ్వు తిరిగి ఇంటికొచ్చి గేటు దీసేదాంక నా పానం రోడ్డు మీదనే ఉంటది. బండి మీద నాకేం ప్రేమ, పావురం బిడ్డా? ఆ పువ్వు నీకు వెట్టిన."

ఐదేళ్లు మనసులో గట్టిగా రాసిపెట్టుకున్న లెక్క మొదటి మెట్టు దగ్గరే తప్పని తెలిసింది. సిగ్గేసింది, సిగ్గును మించి సంతోషం వేసింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి వంచాను. ఆమె పువ్వును నా జడ మొదట్లో పెట్టి, గాలికి ఎగిరిపోకుండా వేలితో లోపలికి నెట్టింది.

తర్వాత పోయి గేటు తీసి, పక్కకు తప్పుకుని నిలబడింది. ఆమె పక్కగా పోతూ చిన్నగా హారన్ కొట్టాను. పసుపుపచ్చటి వేళ్ల చెయ్యి ఒకటి పైకి లేచింది.